షెడ్డు నుంచి బయ్యర్ దాకా: విశాఖ ఎగుమతి కర్మాగారాల్లో కార్మిక హక్కుల సాధనకు సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నం ఓడరేవు నుంచి విదేశాలకు బయలుదేరే కంటైనర్లలో వనామీ రొయ్యలు, అచ్యుతాపురంలో కుట్టిన దుస్తులు, పరవాడలో తయారైన మందుల ముడిసరుకు ఉంటాయి. 2023-24లో మన దేశం 17.8 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను దాదాపు 60,523 కోట్ల రూపాయలకు ఎగుమతి చేసింది. విలువలో సింహభాగం గడ్డకట్టించిన రొయ్యలది కాగా, వాటిని అందరికన్నా ఎక్కువగా కొన్న దేశం అమెరికా. ఆ రొయ్యల తల తీసి, పొట్టు ఒలిచి, కౌంటు (బరువుకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న సైజు లెక్క) ప్రకారం వేరుచేసి పెట్టెలకెత్తే చేతులు చాలావరకు ఉత్తరాంధ్ర పల్లెల ఆడవాళ్లవి, ఒడిశా నుంచి, ఇంకా ఇతర రాష్ట్రాల నుంచి ఏజెంట్లు తీసుకొచ్చి కంపెనీ హాస్టళ్లలో ఉంచిన ఆడపిల్లలవి.

2024 మార్చిలో ఆంధ్రప్రదేశ్ రొయ్యల కర్మాగారాల పరిస్థితులపై అమెరికాలోని పరిశోధకులు, పాత్రికేయులు నివేదికలు వెలువరించారు. అలాంటి నివేదికలు అవసరమే అయినా, వాటితోనే షెడ్డులో జీతం పెరగదు. విదేశీ కొనుగోలుదారు మీద నిజంగా ఒత్తిడి పడాలంటే ఇక్కడి కార్మికుల చేతిలో రుజువులుండాలి, ఆ రుజువుల వెనుక సంఘటిత బలం ఉండాలి, చివరికి ఆ కొనుగోలుదారు సంతకం పెట్టిన, అమలు చేయించగల ఒప్పందం ఉండాలి. ఈ మార్గదర్శిని ఆ వరుసలోనే రాశాను. రొయ్యల కర్మాగారాలనే ప్రధాన ఉదాహరణగా తీసుకున్నప్పటికీ, కుట్టు కర్మాగారాలకూ ఫార్మా యూనిట్లకూ ఇందులో చాలా భాగం అలాగే వర్తిస్తుంది. కార్మికులు, సంఘాల కార్యకర్తలు, మహిళా సంఘాల వారు, వీరికి తోడుండాలనుకునే న్యాయ విద్యార్థులు దీన్ని చదువుతారని నా ఉద్దేశం.

మొదటి మెట్టు: సరుకు ఎవరికి పోతోందో తెలుసుకోవడం

జీతమిచ్చే చేయి కాంట్రాక్టరుది, పని చేయించుకునే చోటు కంపెనీది, సరుకు మీద పేరు విదేశీ సూపర్‌మార్కెట్‌ది. ఈ ముగ్గురూ ఎవరో ఒక కాగితం మీద రాసుకోకుండా ముందుకు వెళ్లడం వల్ల ప్రయోజనం లేదు. రొయ్యల ప్యాకెట్ మీద, మాస్టర్ కార్టన్ మీద బ్రాండు పేరు, దిగుమతిదారు పేరు, ఎగుమతి తనిఖీ మండలి కర్మాగారానికి కేటాయించిన ఆమోద సంఖ్య, బీఏపీ లేదా ఏఎస్‌సీ వంటి ధ్రువీకరణ గుర్తు ముద్రించి ఉండవచ్చు. ప్యాకింగ్‌లో పనిచేసే వారికి ఈ వివరాలు రోజూ కళ్ల ముందే ఉంటాయి. లోపల ఫోన్లు నిషేధమైన చోట ఫొటో కోసం ఉద్యోగాన్ని పణంగా పెట్టవద్దు. గుర్తుపెట్టుకుని బయటికొచ్చాక తేదీతో రాసుకుంటే చాలు.

కుట్టు కర్మాగారాల్లో ఈ పని ఇంకా తేలిక, ఎందుకంటే దుస్తుల లేబుల్ మీదే బ్రాండు ఉంటుంది. ఓపెన్ సప్లై హబ్ అనే ఉచిత వెబ్‌సైటులో కర్మాగారం పేరు గానీ ఊరి పేరు గానీ వెతికితే, తామక్కడ సరుకు కొంటున్నామని ప్రకటించిన బ్రాండ్లు కనిపిస్తాయి. అమెరికాకు ఓడల్లో వెళ్లే సరుకుకు సంబంధించిన దిగుమతి పత్రాలు అక్కడ బహిరంగ రికార్డులు. వాటిని క్రోడీకరించే సంస్థల దగ్గర ఎగుమతిదారు పేరుతో వెతికితే కొనుగోలుదారు ఎవరో చాలాసార్లు తెలిసిపోతుంది. కళాశాల విద్యార్థులు ఒక సాయంత్రం కూర్చుంటే చేసిపెట్టగల సాయం ఇది.

రెండో మెట్టు: రుజువులు కూర్చడం

మొత్తం పనిలో ఎక్కువ ఓపిక కోరేదీ, తరువాతి మెట్లన్నిటికీ ఆధారమైనదీ ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ప్రతి కార్మికురాలూ ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోవాలి. ఆ రోజు ఎన్నింటికి గేటు లోపలికి వెళ్లారు, ఎన్నింటికి బయటికి వచ్చారు, మధ్యలో విరామం ఎంతసేపు, ఎన్ని కిలోలు ఒలిచారు, ఏ కౌంటు రొయ్య, కిలోకు ఎంత ఇస్తామన్నారు, చేతికి ఎంత ఇచ్చారు అన్నవి షిఫ్టు దిగిన వెంటనే రాయాలి. రాయడం రాని వారి తరఫున హాస్టల్ గదిలోనో బస్సులోనో మరొకరు రాయవచ్చు. నెలాఖరున గుర్తుచేసుకుని రాసిన దానికన్నా ఏ రోజుకారోజు రాసిన దానికి అధికారి ముందైనా, న్యాయస్థానంలోనైనా ఎక్కువ విలువ ఉంటుంది. ఒకే లైనులో పనిచేసే పదిమంది పుస్తకాలు ఒకే మాట చెబుతుంటే, కంపెనీ హాజరు రిజిస్టరులో వేరే గంటలు రాసి ఉన్నా దానికి సమాధానం చెప్పుకోవలసింది కంపెనీయే అవుతుంది.

కిలో లెక్కన పనిచేసే వారికి కనీస వేతనం వర్తించదనే అపోహ షెడ్డుల్లో బలంగా ఉంది. అది నిజం కాదు. పని లెక్క మీద కూలి ఇచ్చినా, ఆ రోజు పనిచేసిన కాలానికి వచ్చే మొత్తం ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కన్నా తగ్గకూడదు. లెక్క ఎలా వేయాలో ఊహా అంకెలతో చూపిస్తాను. 8 గంటల పనికి కనీస వేతనం 480 రూపాయలనుకుందాం, అంటే గంటకు 60 రూపాయలు. ఒక కార్మికురాలు 11 గంటలు పనిచేసి 50 కిలోలు ఒలిస్తే, కిలోకు 12 రూపాయల చొప్పున ఆమెకు 600 రూపాయలు ఇచ్చారనుకుందాం. చూడడానికి కనీస వేతనం కన్నా ఎక్కువే ముట్టినట్టుంటుంది. అయితే మొదటి 8 గంటలకు 480, తరువాతి 3 గంటల ఓటీకి (అదనపు పనికి) రెట్టింపు చొప్పున 360 కలిపితే ఆమెకు రావలసింది 840 రూపాయలు. రోజుకు 240 తగ్గితే 26 పనిదినాల నెలలో 6,240 రూపాయలు పోయినట్టే. అసలు రేట్లను కార్మిక శాఖ ప్రకటన నుంచే తీసుకోవాలి. మన రాష్ట్రంలో కరువు భత్యం ఏటా ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ సవరిస్తారు కాబట్టి పాత రేటుతో లెక్క వేసుకుని నష్టపోకండి.

తరువాత పీఎఫ్, ఈఎస్‌ఐ. జీతంలోంచి పీఎఫ్ పట్టుకుంటున్నారంటే మీకు యూఏఎన్ అనే పీఎఫ్ ఖాతా సంఖ్య ఉండి తీరాలి. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి ప్రతి నెలా జమ పడిందో లేదో, మీ వాటాకు సమానంగా యాజమాన్యం వాటా కూడా వచ్చిందో లేదో చూసి, ఆ పేజీని దాచుకోవాలి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఈఎస్‌ఐలో కార్మికుల వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. జీతంలోంచి కోసి జమ చేయకపోవడం పొరపాటు కిందికి రాదు, అది నేరపూరిత విశ్వాస ఘాతుకం. మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లాక మీ పేరున సంఖ్యే లేదని తెలుసుకోవడం కన్నా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే సరిచూసుకోవడం మేలు.

ఆరోగ్యానికి సంబంధించిన రుజువులను మనవాళ్లు చాలావరకు వదిలేస్తారు. మంచునీళ్లలో, క్లోరిన్ కలిపిన నీళ్లలో గంటల తరబడి చేతులుంచితే చర్మం ఒరిసిపోతుంది, గోళ్లు పాడవుతాయి. నిలబడి నిలబడి నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. వైద్యుని దగ్గరికి వెళ్లినప్పుడు చీటీలో ఫలానా పని చేస్తానని రాయించుకోండి. తేదీ ఉన్న వైద్యుని చీటీ, తేదీతో తీసిన చేతుల ఫొటో, అదే లైనులో మరి ఎందరికి ఇలా ఉందన్న జాబితా కలిస్తే గ్లవ్స్ విషయంలో కంపెనీతో మాట్లాడడానికి గట్టి ఆధారం దొరుకుతుంది.

వలస కార్మికుల విషయంలో మరికొన్ని ప్రశ్నలు అడగాలి. ఏజెంటు ఊళ్లో ఎంత జీతం చెప్పాడు, ఇక్కడ ఎంత ఇస్తున్నారు? అడ్వాన్సు ఇచ్చారా, అది తీరేదాకా కదలడానికి వీల్లేదన్నారా? ఆధార్ కార్డు ఎవరి దగ్గరుంది? హాస్టల్ నుంచి బయటికి వెళ్లడానికి ఎవరి అనుమతి కావాలి? గుర్తింపు పత్రాలు పట్టుకోవడం, అప్పుతో కట్టిపడేయడం, జీతం ఆపడం, కదలికలను అడ్డుకోవడం, మోసపు మాటలతో పనిలోకి దించడం, ఇవన్నీ అంతర్జాతీయ కార్మిక సంస్థ గుర్తించిన నిర్బంధ శ్రమ సూచికలు. మన దేశంలో 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కిందికీ ఇవి రావచ్చు. ఈ ప్రశ్నలను వాళ్ల భాష తెలిసిన మనిషి ద్వారా, హాస్టల్ వార్డెన్ లేని చోట అడగాలి. సమాధానాలతో పాటు పేర్లు రాయకుండా గుర్తు సంఖ్యలు మాత్రమే రాసుకోవాలి.

మూడో మెట్టు: చట్టం దేనికి ఒప్పుకుంటుందో తెలుసుకోవడం

2025 నవంబరు 21న నాలుగు కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి. 29 పాత కేంద్ర చట్టాల స్థానంలో వచ్చిన ఈ కోడ్‌లలో సమ్మె విషయంలోనూ, ఉద్యోగ భద్రత విషయంలోనూ కార్మికులకు నష్టం చేసేవి ఉన్నాయని సంఘాలు చేస్తున్న విమర్శ సబబైనదే. అయితే చేతికి అందిన నిబంధనలను వాడుకోకుండా ఉండడం తగదు. నియామక పత్రం అందరికీ ఇవ్వాలి. జీతం చిట్టీ ఇవ్వాలి. నెల జీతగాళ్లకు తరువాతి నెల 7వ తేదీ లోపు జీతం చెల్లించాలి. పని మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు చెల్లించాలి. నిర్ణీత కాలానికి తీసుకున్న వారికి ఏడాది సేవకే గ్రాట్యుటీ అర్హత వస్తుంది. రాత్రి షిఫ్టుకు ఆడవాళ్ల సమ్మతి, రవాణా, భద్రత ఉండాలి. వేతన బకాయిల క్లెయిమును మూడేళ్ల లోపు వేయవచ్చు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే చెల్లించవలసిన బాధ్యత ప్రధాన యజమానిదే కాబట్టి, వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, మాకు సంబంధం లేదన్న హెచ్‌ఆర్ మాటకు చట్టంలో చోటు లేదు.

సెజ్ గేటు దాటితే కార్మిక చట్టాలు వర్తించవన్న మాట దువ్వాడలోనూ అచ్యుతాపురంలోనూ ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టంలోని 49వ సెక్షనును ఒకసారి చూపించండి. సెజ్‌లకు ఇతర చట్టాల నుంచి మినహాయింపులిచ్చే అధికారం కేంద్రానికి ఉన్నా, కార్మిక సంఘాలు, పారిశ్రామిక వివాదాలు, పని పరిస్థితులు, ప్రావిడెంట్ ఫండ్, ప్రమాద పరిహారం, ప్రసూతి ప్రయోజనాలకు సంబంధించిన చట్టాల జోలికి ఆ అధికారం పోకూడదని ఆ సెక్షనే చెబుతుంది.

నాలుగో మెట్టు: ఒంటరిగా వెళ్లకుండా ఉండడం

ఒక్కరు ఫిర్యాదు చేస్తే మరుసటి రోజు నుంచి ఆమెకు పని ఉండకపోవచ్చు. నలభైమంది ఒకే కాగితం మీద సంతకాలు చేస్తే లైను నడవాలంటే వాళ్లతో మాట్లాడక తప్పదు. గేటు లోపలికి సంఘ నాయకులను రానివ్వరు కాబట్టి కలుసుకోవడం ఊళ్లోనే మొదలవ్వాలి. ఒకే బస్సులో వచ్చేవాళ్లు, ఒకే డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లు, ఒకే చర్చికో గుడికో వెళ్లేవాళ్లు సహజంగానే ఒక జట్టు. వలస ఆడపిల్లల్లో ఒకరిద్దరైనా మొదటి నుంచీ ఇందులో ఉండేలా చూడాలి. ఊరివాళ్లు ఒకవైపు, హాస్టల్ వాళ్లు మరొకవైపు నిలబడితే లాభపడేది యాజమాన్యమే.

ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్ట్రేషనుకు దరఖాస్తు చేయవచ్చు. అయితే ఆ కర్మాగారం కార్మికుల్లో 10 శాతం మంది లేదా 100 మంది, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. ఒకటి కన్నా ఎక్కువ సంఘాలున్న చోట 51 శాతం మంది సభ్యత్వమున్న సంఘమే యాజమాన్యంతో చర్చలు జరిపే ఏకైక సంఘమవుతుంది. విశాఖలో సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, హెచ్‌ఎంఎస్ అన్నీ ఉన్నాయి. ఏ జెండా అన్నది మీ ఇష్టం. సంఘం ఏదైనా దాని ద్వారా అంతర్జాతీయ సమాఖ్యతో సంబంధం ఏర్పరచుకోవడం తరువాతి మెట్లకు చాలా అవసరం. ఆహార పరిశ్రమకు ఐయూఎఫ్, దుస్తులకూ రసాయనాలకూ ఇండస్ట్రియాల్, ఓడరేవులకూ రవాణాకూ ఐటీఎఫ్ ఉన్నాయి.

సంఘం ఇంకా ఏర్పడని చోట చట్టబద్ధమైన కమిటీలను అడగండి. 20 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. 10 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న చోట లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలి. ఆ కమిటీలో ఎవరున్నారో షెడ్డులో బోర్డు కట్టారో లేదో చూడండి. సూపర్‌వైజరు వేధింపులపై ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, 90 రోజుల్లో విచారణ ముగియాలి. లోపలి కమిటీ మీద నమ్మకం లేకపోతే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లవచ్చో లేదో న్యాయ సలహా తీసుకోండి.

ఆగకూడని సందర్భాలు

ఎవరినైనా హాస్టల్‌లో నిర్బంధించినా, పిల్లలను పనిలో పెట్టినా, దాడి జరిగినా ఈ మెట్ల వరుస పాటించనవసరం లేదు. వెంటనే 112కు, ఆడవాళ్ల విషయంలో 181కు, పిల్లల విషయంలో 1098కు ఫోన్ చేయాలి. అమ్మోనియా కూడా ఇలాంటిదే. కోల్డ్ స్టోరేజీ యంత్రాలలో వాడే ఈ వాయువు ఘాటు తగిలితే గాలి వీచే దిశకు అడ్డంగా నడిచి, గాలి వస్తున్న వైపుకు వెళ్లాలి. ముక్కుకు తడిగుడ్డ కట్టుకోవాలి. కళ్లలో పడితే కనీసం 15 నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. అచ్యుతాపురం సెజ్‌లో 2022 జూన్ 3న ఒకసారి, ఆగస్టు 2న మరోసారి విషవాయువు పీల్చి, రెండుసార్లూ వందమందికి పైగా కుట్టు కార్మికురాళ్లు ఆసుపత్రుల పాలయ్యారు. 2024 ఆగస్టు 21న అక్కడే ఒక ఫార్మా కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. అత్యవసర ద్వారానికి తాళం వేసి ఉంటే ఆ సంగతి ఆ షిఫ్టులోనే రాతపూర్వకంగా యాజమాన్యానికీ కర్మాగారాల తనిఖీ అధికారికీ చేరాలి. దానికి సంఘం ఏర్పడేదాకా ఎదురుచూడవద్దు.

ఐదో మెట్టు: యాజమాన్యానికీ ఇక్కడి కార్యాలయాలకూ రాయడం

ముందు కంపెనీకి ఒక వినతిపత్రం ఇవ్వండి. అందులో ఆవేశం కాక అంకెలు ఉండాలి. ఫలానా నెలలో ఫలానా లైనులో ఇంతమందికి ఇన్ని గంటల ఓటీకి ఇంత బకాయి, ఫలానా తేదీలోగా చెల్లించండి అని రాయాలి. అందినట్టు సంతకం ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. విదేశీ వేదికలన్నీ మొదట అడిగే ప్రశ్న ఇక్కడ ఎవరికైనా చెప్పారా అన్నదే. ఈ కాగితమే దానికి సమాధానం.

తరువాత ఏ కార్యాలయానికి వెళ్లాలన్నది చాలామందిని తిప్పలు పెట్టే విషయం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అచ్యుతాపురం, రాంబిల్లి, పరవాడ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. దువ్వాడ, గాజువాక, భీమిలి విశాఖ జిల్లాలోనే ఉన్నాయి. మీ ఇల్లు గాజువాకలో ఉన్నా కర్మాగారం అచ్యుతాపురంలో ఉంటే ఫిర్యాదు అనకాపల్లి అధికారులకు వెళ్లాలి. వేతనాలు, ఓటీ, కాంట్రాక్టు కార్మికుల విషయాలు కార్మిక శాఖ చూస్తుంది. భద్రత, యంత్రాలు, వాయువులు, పనిగంటల విషయాలు కర్మాగారాల శాఖ చూస్తుంది. పీఎఫ్‌కూ ఈఎస్‌ఐకీ వేరువేరు కేంద్ర కార్యాలయాలు ఉన్నాయి. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తే దానికొక సంఖ్య వస్తుంది కాబట్టి, కదలని దరఖాస్తును కదిలించడానికి అది పనికొస్తుంది.

సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఆ కర్మాగారంలో గత మూడేళ్ల తనిఖీ నివేదికలు, వాటిపై తీసుకున్న చర్యలు అడగండి. 30 రోజుల్లో సమాధానం రావాలి. తనిఖీ జరగలేదని సమాధానం వచ్చినా అది కూడా ఒక రుజువే. లాయరు ఖర్చు భరించలేమని ఆగిపోనవసరం లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దారి చూపుతారు.

ఆరో మెట్టు: బయ్యర్ల ఆడిట్‌ను వాడుకోవడం, దాన్ని నమ్ముకోకపోవడం

బయ్యర్లు వస్తున్నారని రెండు రోజుల ముందు నుంచే కొత్త గ్లవ్స్, శుభ్రమైన మరుగుదొడ్లు, ఏం చెప్పాలో నేర్పే సమావేశాలు మొదలవడం మన షెడ్డుల్లో అందరికీ తెలిసిన సంగతే. 2012 సెప్టెంబరు 11న కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ దుస్తుల కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగి 250 మందికి పైగా కాలిపోయారు. సామాజిక ప్రమాణాలన్నీ పాటిస్తోందని ఎస్‌ఏ8000 ధ్రువపత్రం దానికి వచ్చి అప్పటికి కొన్ని వారాలే అయింది. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గరి సావర్‌లో రానా ప్లాజా కూలి కనీసం 1,134 మంది మరణించినప్పుడు కూడా, అందులోని కర్మాగారాల్లో అంతకుముందు ఆడిట్లు జరిగే ఉన్నాయి. ఆడిట్‌కు డబ్బు ఎవరు చెల్లిస్తారో, నివేదిక ఎవరి చేతికి వెళుతుందో గమనిస్తే దాని హద్దులు అర్థమవుతాయి.

అయినా ఆడిటర్ వచ్చిన రోజు వృథా పోనీయకూడదు. కర్మాగారం బయట, సూపర్‌వైజరు లేని చోట మాట్లాడతామని అడగండి. ఆడిట్ సంస్థ పేరు, వచ్చిన తేదీ, ముందురోజు ఏం మార్చారు, ఎవరికి ఏం నేర్పారు అన్నవి రాసుకోండి. అందరూ కలిసి ఇచ్చిన వినతిపత్రం నకలు చేతికివ్వండి. వ్యక్తిగత సంగతులు మాత్రం చెప్పవద్దు, ఎందుకంటే ఆ మాట ఎవరిదో యాజమాన్యానికి తెలియదన్న హామీ లేదు.

ఏడో మెట్టు: విదేశీ కొనుగోలుదారుకు ఉత్తరం

2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం, తమ సరఫరా గొలుసులో జరిగే హక్కుల ఉల్లంఘనలను కనిపెట్టి, నివారించి, నష్టాన్ని సరిదిద్దడంలో పాలుపంచుకునే బాధ్యత కంపెనీలపై ఉంది. పెద్ద బ్రాండ్లన్నీ సరఫరాదారుల నియమావళిని తమ వెబ్‌సైట్లలో ఉంచుతాయి. దాన్ని దింపుకుని, మీ ప్రతి ఫిర్యాదుకూ ఎదురుగా వాళ్ల నియమావళిలోని వాక్యాన్నీ, మన చట్టంలోని నిబంధననూ రాయండి. ఉత్తరం రెండు పేజీలు దాటకూడదు. మొదటి పేరాలోనే కర్మాగారం పేరు, దాని ఆమోద సంఖ్య, ఆ బ్రాండు సరుకు అక్కడ ప్యాక్ అవుతోందనడానికి ఆధారం ఉండాలి. తరువాత అంకెలతో సమస్య రాసి, ఇక్కడ ఎవరికి ఎప్పుడు ఫిర్యాదు చేశారో, ఏం జవాబు వచ్చిందో చెప్పాలి. చివర మీరు కోరేది స్పష్టంగా రాయాలి.

ఆ కోరికలో ఒక మాట తప్పకుండా ఉండాలి. ఆర్డర్లు ఆపవద్దు, అక్కడే ఉండి సరిచేయించండి అన్నదే ఆ మాట. ఫిర్యాదు అందగానే చేతులు దులుపుకుని మరో కర్మాగారానికి వెళ్లిపోవడం చాలా బ్రాండ్లకు అలవాటు. అప్పుడు వీధిన పడేది ఫిర్యాదు చేసిన వాళ్లే. బకాయిల చెల్లింపు, ఫిర్యాదు చేసిన వారిపై ప్రతీకారం ఉండదన్న రాతపూర్వక హామీ, తీసేసిన వారిని తిరిగి తీసుకోవడం, సంఘంతో చర్చలు, వీటికి గడువు తేదీలు, ఆ గడువులు దాటితేనే దశలవారీగా వ్యాపారం తగ్గించడం అనే వరుసలో కోరండి. ఉత్తరం ఒక కార్మికురాలి పేరు మీద కాక సంఘం పేరుతో గానీ, ఐయూఎఫ్ వంటి సమాఖ్య ద్వారా గానీ వెళ్లాలి. కంపెనీ మీద నిందావాక్యాలు రాయకండి, నిరూపించగల సంగతులే రాయండి.

ఎనిమిదో మెట్టు: సరిహద్దులు దాటిన చట్టాలు

ఉత్తరానికి కదలిక లేకపోతే మూడు దారులున్నాయి. ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) బహుళజాతి కంపెనీల కోసం రూపొందించిన మార్గదర్శకాలను అంగీకరించిన ప్రతి దేశంలో ఒక జాతీయ సంప్రదింపు కేంద్రం ఉంటుంది. భారతదేశం వాటిలో చేరలేదు. అయినా కొనుగోలుదారు అమెరికాదో, జర్మనీదో, నెదర్లాండ్స్‌దో అయితే ఆ దేశపు కేంద్రంలో సంఘం ఫిర్యాదు వేయవచ్చు. రుసుము లేదు. తీర్పు కట్టుబడి తీరవలసినది కాకపోయినా, మధ్యవర్తిత్వం ముగిశాక కేంద్రం ఇచ్చే ప్రకటన బహిరంగంగా నమోదవుతుంది.

జర్మనీ సరఫరా గొలుసు చట్టం 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం కిందికి వచ్చే కంపెనీలు విదేశాల్లోని సరఫరాదారుల దగ్గర పనిచేసే వాళ్లు కూడా వాడుకోగల ఫిర్యాదు విధానాన్ని నడపాలి. ఫ్రాన్స్‌లో 2017 నుంచే ఇలాంటి బాధ్యతను విధించే చట్టం ఉంది. ఐరోపా సమాఖ్య నిర్బంధ శ్రమతో తయారైన సరుకును నిషేధిస్తూ 2024లో చేసిన నిబంధన 2027 డిసెంబరు నుంచి వర్తిస్తుంది. ఐరోపాలో ఈ చట్టాలను సడలించే ప్రయత్నాలు జరుగుతున్నందున, ఫిర్యాదు వేసే నాటికి ఉన్న రూపాన్ని అక్కడి సంఘాల ద్వారా సరిచూసుకోండి.

అమెరికా 1930 సుంకాల చట్టంలోని 307వ సెక్షను అన్నిటికన్నా పదునైనది. నిర్బంధ శ్రమతో తయారైందని సహేతుకంగా అనుమానించగల సరుకును అక్కడి కస్టమ్స్ శాఖ రేవులోనే ఆపగలదు. ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. దీన్ని వాడేముందు చాలా ఆలోచించాలి. సరుకు ఆగితే పని ఆగుతుంది, ముందు రోడ్డున పడేది రోజు కూలీలే. ఓటీ బకాయిలకు ఇది దారి కాదు. రెండో మెట్టులో చెప్పిన నిర్బంధ శ్రమ సూచికలు గట్టిగా ఉన్నప్పుడు, పనిచేస్తున్న వారి సమ్మతితో, సరుకు విడుదలకు ఏ షరతులు కోరాలో ముందే నిర్ణయించుకుని మాత్రమే ఈ దారి పట్టాలి.

తొమ్మిదో మెట్టు: సంతకం పెట్టించిన ఒప్పందం

రానా ప్లాజా తరువాత 2013 మేలో కుదిరిన బంగ్లాదేశ్ అగ్ని, భవన భద్రతా ఒప్పందం ఇంతకుముందటి వాగ్దానాల కన్నా ఎందుకు భిన్నమైనదంటే, అందులో బ్రాండ్లూ అంతర్జాతీయ సంఘాలూ సమానంగా సంతకాలు చేశాయి, మాట తప్పితే మధ్యవర్తి తీర్పుకు కట్టుబడాలన్నాయి. మనకు మరింత దగ్గరి ఉదాహరణ తమిళనాడులోని దిండిగల్. 2021 జనవరిలో ఒక దళిత కుట్టు కార్మికురాలు సూపర్‌వైజరు చేతిలో హత్యకు గురయ్యాక, ఆడవాళ్లు నడిపే టీటీసీయూ అనే సంఘం పట్టుబట్టి 2022 ఏప్రిల్‌లో ఆమె పనిచేసిన కర్మాగారాన్ని నడిపే ఈస్ట్‌మన్ ఎక్స్‌పోర్ట్స్‌తోనూ, దుస్తుల బ్రాండు హెచ్ అండ్ ఎమ్ తోనూ ఒప్పందాలు సాధించింది. తరువాత గ్యాప్, పీవీహెచ్ అనే దుస్తుల కంపెనీలు కూడా చేరాయి. షాప్ ఫ్లోర్ మీద కార్మికుల నుంచే పర్యవేక్షకులను శిక్షణ ఇచ్చి నియమించడం, కుల లింగ వివక్షపై ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించడం, కర్మాగారం అమలు చేయకపోతే బ్రాండు వ్యాపారపరమైన చర్య తీసుకోవడం అందులోని ముఖ్యాంశాలు. అదే కర్మాగారం సరుకుపై అమెరికా కస్టమ్స్ 2022 జూలైలో విధించిన నిలుపుదలను, ఒప్పందం అమలవుతున్న దృష్ట్యా సెప్టెంబరులో ఎత్తివేసింది. ఎనిమిదో మెట్టూ తొమ్మిదో మెట్టూ ఎలా కలుస్తాయో ఇది చూపుతుంది.

విశాఖ రొయ్యల షెడ్డులకు ఇలాంటి ఒప్పందం రాస్తే అందులో ఏముండాలి? నా అభిప్రాయంలో మొదటిది ధర. ఫ్లోరిడా టమాటా తోటల్లో 2011 నుంచి నడుస్తున్న ఫెయిర్ ఫుడ్ ప్రోగ్రామ్‌లో కొనుగోలుదారులు పౌనుకు ఒక సెంటు అదనంగా చెల్లిస్తారు, అది కూలీల జీతంలో చేరుతుంది. కిలో రొయ్యకు బయ్యర్ ఇచ్చే ధరలో ఒలుపు కూలి వాటాను ఒప్పందంలోనే విడిగా చూపించకపోతే, పెంచిన ధర మధ్యలోనే ఆగిపోతుంది. రెండోది ఆర్డర్ల గడువు. రాత్రికి రాత్రి కంటైనర్ నింపమని అడిగే బయ్యరే ఓటీ మీద నియమావళి రాస్తున్నాడు కాబట్టి, ఎన్ని రోజుల ముందు ఆర్డరు ఇవ్వాలో అందులో ఉండాలి. మూడోది పని తగ్గిన కాలం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు రొయ్యల వ్యాపారం మీద పడిన దెబ్బలాంటిది మళ్లీ పడితే, షిఫ్టులు పోయిన వారికి ఎంత భత్యం, ఎవరు చెల్లించాలి అన్నది ముందే రాసుకోవాలి.

ఒప్పందం కుదిరాక దాన్ని తెలుగు, ఒడియా, హిందీలలో ముద్రించి ప్రతి షెడ్డులో, హాస్టల్‌లో, బస్సులో పెట్టించండి. కార్మికులు ఎన్నుకున్న పర్యవేక్షకులకు ఆ పని కోసం వెచ్చించే గంటలకు జీతం ఉండాలి. ప్రతి నెలా బట్వాడా అయిన వారంలోపు పది నోటుపుస్తకాలనూ పది జీతం చిట్టీలనూ పక్కపక్కన పెట్టి సరిచూసి, తేడా వస్తే ఆ వారంలోనే కర్మాగారానికీ బయ్యర్‌కూ ఒకేసారి రాయాలి. మూడు నెలలకోసారి ఏఏ అంశాలు అమలయ్యాయో, ఏవి కాలేదో కార్మికుల సమావేశంలో చదివి వినిపించి, ఆ నివేదిక నకలును సమాఖ్యకు పంపాలి. సీజను ముగిసి ఊళ్లకు వెళ్లే వలస కార్మికుల ఫోన్ నంబర్లు, చెల్లించవలసిన బకాయిల జాబితా వాళ్లు బస్సెక్కకముందే తీసుకుని ఉంచుకోవాలి.